తప్పుకోండి బాబూ, తప్పుకోండి!

సైకిలు తొక్కేవాడికి ఈ లోకంలో రెండంటే పడదు. ఎదురుగాలి ఒకటి, తన ముందు తాపీగా నడిచే మనిషి రెండోది. ఎదురుగాలికి కళ్ళూ చెవులూ లేవు గనక దాన్ని క్షమిస్తాడు. ఆ రెండూ నిక్షేపంలా ఉండి కూడా దారి మధ్యన నలుగురు స్నేహితులతో చేతులు పట్టుకుని వరసగా నడిచే పెద్దమనిషిని క్షమించడం మాత్రం అతని వల్ల కాదు. గంట కొడతాడు. వినిపించదు. మళ్ళీ కొడతాడు. ఆ పెద్దమనిషి అదిరిపడి ఎడమకి గెంతుతాడు, అంతలోనే ఎందుకో మనసు మార్చుకుని కుడికి వస్తాడు. ఈ లోపల సైకిలాయన కూడా ఎడమకీ కుడికీ హాండిల్ తిప్పి, చివరికి కాలు నేలమీద ఆన్చి, "ఏమండీ, గంట వినపడలేదా?" అంటాడు. "ఏమయ్యా, మనుషులు కనపడటం లేదా?" అని జవాబు. ఆ తరువాత జరిగే సంభాషణ కుటుంబ పత్రికలో అచ్చు వేయదగింది కాదు.

ఈ తగువు నిన్నా మొన్నా పుట్టింది కాదు సుమండీ. సైకిలు పుట్టిన ఏడే ఇదీ పుట్టింది. ఇంకా చెప్పాలంటే, సైకిలుకి అప్పటికి పెడళ్ళు రాలేదు, గొలుసు రాలేదు, గంట రాలేదు, ఆఖరికి సైకిలు అన్న పేరు కూడా రాలేదు. నడిచేవాళ్ళతో పేచీ మాత్రం వచ్చేసింది.

1817వ సంవత్సరం. జర్మనీలో బాడెన్ అనే చిన్న రాజ్యం. అక్కడ అడవుల శాఖలో ఉద్యోగం చేసిన కార్ల్ డ్రయస్ అనే ఆయన రెండు కొయ్య చక్రాలను ఒకదాని వెనక ఒకటి పెట్టి, మధ్యన ఒక దూలం బిగించి, దాని మీద కూచుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయే యంత్రం ఒకటి చేశాడు. జూన్ 12వ తేదీన మాన్‌హైమ్ ఊరి నుంచి బయల్దేరి దగ్గర దగ్గర ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక మజిలీ దాకా వెళ్ళి, సుమారు గంటలో తిరిగి వచ్చాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గుర్రం లేదు, దాణా లేదు, మనిషి మాత్రం గుర్రంలా పోతున్నాడు! అంతకుముందు ఏడాది యూరపులో వేసవి రాలేదు. 1815లో ఎక్కడో తూర్పు దీవుల్లో తంబోరా అగ్నిపర్వతం పేలితే, ఆ ధూళి ఆకాశమంతా కమ్మి, పంటలు పోయి, గుర్రాలకి దాణా కూడా కరువైందనీ, గుర్రం అక్కరలేని బండి అవసరం అలా వచ్చిందనీ కొందరు చరిత్రకారులు ఊహిస్తారు. అది నిజమైనా కాకపోయినా, డ్రయస్ గారి బండి మాత్రం దేశదేశాలకీ పాకింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ రోజుల్లో రోడ్డంటే బండి చక్రాలు కోసిన గాడి, గుర్రపు డెక్కలు తొక్కిన బురద. రెండు చక్రాల మీద నిలబడి పోవాలంటే నేల కాస్త చదునుగా ఉండాలి కదా. ఊళ్ళో చదునుగా ఉన్న చోటు ఒక్కటే. నడిచేవాళ్ళ కోసం రోడ్డు పక్కన వేసిన కాలిబాట! ఇంకేం, కుర్రకారంతా ఆ బాట ఎక్కారు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ, చేతికర్ర పట్టుకున్న తాతలూ గోడకి అతుక్కుపోయారు. ఆ ఏడాది డిసెంబరుకల్లా మాన్‌హైమ్ అధికారులు, ఈ బండి కాలిబాట ఎక్కకూడదని ఉత్తర్వు వేశారు. బండి పుట్టింది జూన్‌లో, నిషేధం పుట్టింది డిసెంబరులో. అంటే అన్నప్రాశన నాటికే ఆవకాయ అన్నమాట.

ఆ వెనకే మిలాన్, లండన్, ఫిలడెల్ఫియా నగరాలు అదే పని చేశాయి. అంతదూరం ఎందుకు, మన కలకత్తాలో కూడా నిషేధించారు! కలకత్తాలో అప్పుడు ఆ బండ్లు ఎన్ని ఉండేవో గానీ, నిషేధం మాత్రం సకాలంలో చేరింది. ఈ కలకత్తా సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మొత్తం మీద రోడ్డు మీద పోలేక, బాట మీద పోనివ్వక, డ్రయస్ గారి బండి కొన్నేళ్ళకే అటకెక్కింది.

తరువాతి ఘట్టం గ్లాస్గో నగరంలో, 1842లో. డంఫ్రీస్ జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని పోలీసు కోర్టులో నిలబెట్టారు. ఏం చేశాడయ్యా అంటే, నలభై మైళ్ళ దూరాన్ని అయిదు గంటల్లో ఒక విచిత్రమైన బండి మీద వచ్చాడు. నలభై మైళ్ళూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గోర్బల్స్ పేటలోకి వచ్చాక కాలిబాట ఎక్కాడు. వింత బండిని చూడటానికి జనం మూగారు. ఆ తోపులాటలో ఒక పసిబిడ్డ కింద పడింది. దెబ్బలేమీ తగల్లేదు. మేజిస్ట్రేటు అయిదు షిల్లింగులు జరిమానా వేసి వదిలేశాడు. ఆ పెద్దమనిషి పేరు పత్రికలో వేయలేదు. కాని ఆయన కిర్క్‌పాట్రిక్ మాక్‌మిలన్ అనే కమ్మరి అనీ, పెడళ్ళ సైకిలును మొదట చేసింది ఆయనేననీ తరువాతి కాలంలో ఆయన బంధువులు వాదించారు. పెద్దమనిషి అని రాశారంటే కమ్మరి కాకపోవచ్చునని ఇంకొందరు ఎదురు వాదించారు. ఆ వాదం అలా ఉంచి, ఈ చిన్న కేసును ఒకసారి జాగ్రత్తగా చూడండి. బండివాడు ఎక్కకూడని బాట ఎక్కాడు, నిజమే. నడిచేవాళ్ళు దారి ఇవ్వకుండా చుట్టూ మూగారు, అదీ నిజమే. మధ్యన పడింది మాత్రం ఏ పాపమూ ఎరగని పసిబిడ్డ. రెండువందల ఏళ్ళ తగువంతా ఈ అయిదు షిల్లింగుల కేసులోనే ఉంది.

ఇంగ్లండులో ఈ విషయమై చట్టం అప్పటికే ఉంది. 1835 నాటి హైవే చట్టం ప్రకారం రోడ్డు పక్క కాలిబాట మీద గుర్రాన్ని గాని బండిని గాని నడపకూడదు. చమత్కారమేమంటే ఆ చట్టం రాసినవాళ్ళు సైకిలును కలలో కూడా ఊహించలేదు. అయినా ఇవాళ్టికీ అక్కడ కాలిబాట మీద సైకిలు తొక్కితే పట్టుకునేది ఆ పాత చట్టం కిందనే. సైకిలు అసలు "బండి" అవునా కాదా అనే ధర్మసందేహం కూడా వచ్చింది. 1879లో కోర్టువారు, అడ్డూ ఆపూ లేకుండా తోలితే శిక్షించడానికి అది బండే అన్నారు. 1888లో పార్లమెంటు చట్టమే చేసి సైకిలుకి బండి హోదా ఇచ్చింది. హోదాతో పాటు ఒక బాధ్యత కూడా తగిలించింది. ఎవరినైనా దాటి పోయేముందు గంటో ఈలో మోగించి, తగినంత దూరం నుంచే హెచ్చరించి తీరాలి అంది.

గంట అనేది అలా చట్టానికెక్కింది. అసలు సైకిలు గంటకు 1877లో పేటెంటు తీసుకున్నది బర్మింగ్‌హామ్‌కి చెందిన జాన్ డెడికోట్ అని చెబుతారు. అంతకుముందు గంట అవసరం అంతగా లేదు. ఎందుకంటే 1860లనాటి సైకిలుకి చక్రాల మీద ఇనప పట్టా ఉండేది. రాళ్ళు పరిచిన వీధిలో అది వస్తూంటే వంటపాత్రల అంగడి కూలినట్లు చప్పుడు. దాని ముద్దుపేరే "ఎముకలు విరిచే బండి". మన ఊళ్ళలో జట్కావాడు చక్రం ఆకుల మధ్య కొరడా కర్ర పెట్టి టకటకలాడించి జనాన్ని తప్పించేవాడు చూడండి, ఆ శ్రమ కూడా అక్కరలేకుండా అది దానంతట అదే మోగేది. తరువాత వచ్చిన పెద్ద చక్రం సైకిలు మీద మనిషి గుర్రపు రౌతు ఎత్తున కూచుని వచ్చేవాడు గనక ఎంత దూరం నుంచైనా కనపడేవాడు.

1885లో స్టార్లీ తయారుచేసిన "రోవర్"తో సైకిలు ఎత్తు తగ్గింది, రెండు చక్రాలూ ఇంచుమించు సమానమయ్యాయి. 1888లో బెల్ఫాస్టులో ఉండే పశువుల డాక్టరు డన్‌లప్, కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు చేశాడు. ఆ తండ్రి ప్రేమ సైకిలువాళ్ళ నడుములను కాపాడింది. నడిచేవాళ్ళ గుండెలకి మాత్రం గండం తెచ్చింది. గుర్రం వేగంతో, పిల్లి అడుగుతో వచ్చే వాహనం ప్రపంచ చరిత్రలో అదే మొదటిది. వెనక ఎవరూ లేరనుకుని నడుస్తున్న మనిషి చెవి దగ్గరే సర్రుమని గాలి వీచినట్టై, చూసేసరికి మనిషి వెళ్ళిపోయి ఉంటాడు. గాలి టైరు వచ్చిన సంవత్సరమూ, గంట కొట్టాలన్న చట్టం వచ్చిన సంవత్సరమూ ఒకటే కావడం కాకతాళీయమే గానీ, కాలమే కూర్చినట్టు కుదిరింది.

1890లలో సైకిలు పిచ్చి పరాకాష్ఠకి చేరింది. అమెరికాలో హాండిల్ మీదికి వంగిపోయి బాణంలా దూసుకుపోయేవాళ్ళని "స్కార్చర్లు" అనేవారు, అంటే దారిని మాడ్చేవాళ్ళని. వాళ్ళని పట్టుకోవడానికి కాలినడక పోలీసు చాలడు, గుర్రం పోలీసూ చాలడు. 1895లో న్యూయార్కు పోలీసు కమిషనర్ల మండలికి అధ్యక్షుడుగా ఉన్న థియొడోర్ రూజ్వెల్ట్ సైకిలు పోలీసు దళాన్నే ఏర్పాటు చేశాడు. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే. ఆయనే తరువాత దేశాధ్యక్షుడయ్యాడు.

సరే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తేలిపోయాక పెద్దలు ఇంకో ఉపాయం ఆలోచించారు. ఎవరి ఒర వారికి చేయిస్తే పోలా? హాలండులోని ఉట్రెక్టులో 1885లోనే మాలీబాన్ అనే చెట్ల బారు వీధిలో సైకిళ్ళకి వేరే దారి వేశారు. అమెరికాలో 1894లో బ్రూక్లిన్ పార్కు నుంచి కోనీ ఐలండ్ సముద్రతీరం దాకా అయిదున్నర మైళ్ళ సైకిలు బాట తెరిచారు. జనం ఎంతగా ఎగబడ్డారంటే రెండేళ్ళు తిరక్కుండా రెండో పక్క ఇంకో బాట వేయవలసి వచ్చింది. అన్నిటికంటే వింత కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగింది. హొరేస్ డాబిన్స్ అనే ఆసామి నేల మీద అయితే నడిచేవాళ్ళ బెడద తప్పదని, గాలిలోనే కొయ్య వంతెనలాగా సైకిలు దారి కట్టాడు. లాస్ ఏంజిల్స్ దాకా తొమ్మిది మైళ్ళు కట్టాలని సంకల్పం. విద్యుద్దీపాలు పెట్టి, సుంకం వసూలు చేస్తూ 1900 జనవరి 1న తెరిచాడు. తీరా కట్టింది ఒకటింబావు మైలు. అంతలో మోటారు కారు వచ్చింది. డాబిన్స్ గారి వంతెన కలప కిందకి అమ్ముడుపోయింది. ఆ దారి పోయిన చోటనే కొంత భాగం మీదుగా 1940లో కార్ల కోసం పెద్ద రహదారి వచ్చింది.

పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందని సామెత. నడిచేవాడూ సైకిలువాడూ కాలిబాట ఎవరిదని ముప్పాతిక శతాబ్దం కొట్టుకుంటూండగా, మోటారు వచ్చి రోడ్డంతా తనదే అంది. అంతకుముందు వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవారు, తోపుడు బండివాడు కూరలమ్మేవాడు, పెద్దవాళ్ళు మధ్యలో నిలబడి ఊరి సంగతులు చెప్పుకునేవారు. 1920లలో అమెరికాలో కార్ల కంపెనీలూ కార్ల క్లబ్బులూ కలిసి, వీధికి అడ్డంగా నడిచేవాడికి "జేవాకర్" అని పేరు పెట్టి వెక్కిరించాయి. "జే" అంటే బస్తీ మర్యాద తెలియని పల్లెటూరి బైతు అని వాళ్ళ వాడుక. వెక్కిరింత కాస్తా చట్టమైంది. 1925లో లాస్ ఏంజిల్స్ నగరం నడకకి నిబంధనలు పెట్టింది. వెయ్యేళ్ళుగా వీధిలో నడిచిన మనిషి ఇరవై ఏళ్ళు తిరిగేసరికి వీధిలో నేరస్థుడయ్యాడు.

సైకిలువాడికి ఆ ప్రమాదం ముందే వాసన తగిలింది. 1934 డిసెంబరులో లండన్ పశ్చిమాన వెస్టర్న్ అవెన్యూ పక్కన రెండున్నర మైళ్ళ సైకిలు దారిని రవాణామంత్రి హోర్ బెలీషా గారు అట్టహాసంగా తెరిచారు. సైకిళ్ళ వాళ్ళంతా పూలదండ వేశారనుకుంటున్నారా? వాళ్ళ పెద్ద సంఘం ససేమిరా వద్దంది. "ఇవాళ పక్కన దారి ఇస్తామంటారు, రేపు ఆ దారిలోనే ఉండమంటారు, ఎల్లుండి రోడ్డెక్కితే శిక్ష అంటారు" అన్నది వాళ్ళ భయం. వీధి గదిలోంచి వసారాలోకి మకాం మార్చమన్న అల్లుడి మాటలో మామగారు పసిగట్టే ప్రమాదం లాంటిదే ఇదీను.

మన దేశం సంగతికొద్దాం. మన పట్టణాల్లో సైకిలు రాజ్యమేలిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తే. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి, రాత్రిపూట దీపం ఉండాలి, "డబుల్సు" ఎక్కించుకోకూడదు. సందు చివర పోలీసు కనపడగానే వెనకవాడు దిగి, అమాయకంగా పక్కన నడిచి, మలుపు తిరగగానే మళ్ళీ ఎక్కడం ఒక తరం కుర్రాళ్ళందరికీ తెలిసిన విద్య. కాని సైకిలుకీ నడకకీ హద్దు గీసిన ఊరు మనకి దాదాపు లేదు. హద్దు గీయాలంటే ముందు కాలిబాట అంటూ ఒకటుండాలి కదా! ఉన్నచోట దాని మీద బడ్డీకొట్టు, ట్రాన్స్‌ఫార్మరు, ఇసకపోగు, మోటారుసైకిలు హాయిగా విశ్రమిస్తూంటాయి. నడిచేవాడు రోడ్డులోకి దిగుతాడు. సైకిలువాడు అతన్ని తప్పించబోయి లారీ పక్కకి పోతాడు. చండీగఢ్ ఒక మినహాయింపు. లె కార్బుజియే ఆ ఊరి రోడ్లను ఏడు తరగతులుగా విభజించి, ఏడోదాన్ని పచ్చని తోటల మధ్య కాలినడకకి కేటాయించాడు. సైకిళ్ళ కోసం ఎనిమిదో తరగతి తరువాత చేరింది.

మన హైదరాబాదులో 2023 అక్టోబరులో అవుటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైన సౌరఫలకాల కప్పు, కింద ఎండ తగలని సవారీ. చూడముచ్చటైన పనే. అయితే అది ప్రధానంగా వ్యాయామానికి వెళ్ళేవారి దారి. పాలబిందెలు కట్టుకున్న సైకిలూ, తాపీ మేస్త్రీ సైకిలూ, ట్యూషనుకి పోయే పిల్ల సైకిలూ వెళ్ళే దారులు ఊరి లోపల ఉన్నాయి. అక్కడ కప్పు సంగతి దేవుడెరుగు, అంచు కూడా లేదు.

ఇక కలకత్తా గుర్తుంచుకోమన్నాను కదా. పందొమ్మిదో శతాబ్దంలో నడిచేవాళ్ళకి అడ్డమని రెండు చక్రాల బండిని నిషేధించిన ఆ నగరమే, 2013లో నూటికి పైగా రోడ్ల మీద సైకిళ్ళని మళ్ళీ నిషేధించింది. ఈసారి కారణం నడిచేవాళ్ళు కాదు. మోటారు వాహనాల వేగానికి అడ్డమని! మొదటిసారి బండి వేగం ఎక్కువైందని, రెండోసారి వేగం చాలలేదని. బండి మాత్రం అదే. మారింది వీధి యజమాని.

మరి ఈ చిక్కు విప్పినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. హాలండులో 1971 ఒక్క ఏడాదిలో సుమారు 3,300 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతోనే అక్కడ ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వీధుల్లో బైఠాయించారు. 1973లో పెట్రోలు కరువు వచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్లు ఎంత హాయిగా ఉంటాయో జనానికి తెలిసొచ్చింది. నెమ్మదిమీద ఎర్రరంగు సైకిలు దారులు దేశమంతా వచ్చాయి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌వాళ్ళ పద్ధతి ఇంకా ముచ్చటైనది. రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తున సైకిలు దారి, దాని కంటే ఇంకో మెట్టు ఎత్తున కాలిబాట. గీత గీస్తే ఎవరూ చూడరు. మెట్టు పెడితే చూడకపోయినా కాలికి తెలుస్తుంది. పరధ్యానంగా నడిచేవాడికి పాదమే పాఠం చెబుతుందన్నమాట.

డబ్బూ చోటూ అంత లేనివాళ్ళు కలిపి వాడుకునే దారి వేశారు. ఇంగ్లండులో మూసేసిన రైలు దారి మీద బ్రిస్టల్ నుంచి బాత్ దాకా 13 మైళ్ళ బాటను 1979 నుంచి 1986 వరకూ చాలామటుకు స్వచ్ఛంద సేవకులే వేశారు. సైకిళ్ళకీ నడకకీ అదే. అది విజయవంతం కావడమే దానికి చిక్కైంది. ఉద్యోగానికి వేళ మించిపోతున్న సైకిలూ, కుక్కని షికారు తిప్పుతున్న తాతగారూ మూడు మీటర్ల వెడల్పులో ఎదురుపడితే ఏమవుతుంది? జపాన్‌లో 1970లో కొన్ని కాలిబాటల మీద సైకిళ్ళని అనుమతించారు. కారణం మోటారు ప్రమాదాలే. సైకిలువాణ్ణి కారు నుంచి కాపాడటానికి నడిచేవాడి పక్కన చేర్చారు. అయితే అక్కడొక షరతుంది. కాలిబాట నడిచేవాడిది, నువ్వు అతిథివి. నెమ్మదిగా పో, అవసరమైతే ఆగు, తప్పుకోమని గంట మాత్రం కొట్టకు అంటుంది వాళ్ళ చట్టం. ఇంగ్లండు చట్టం గంట కొట్టి తీరాలంది, 1930లో ఆ నిబంధన ఎత్తేసింది. జపాను చట్టం కొట్టొద్దంది. గంట ఒకటే, మర్యాద దేశానికొకటి.

అసలు గంటకి ఇప్పుడు విలువేముంది? 1979లో జపాన్‌వాళ్ళే వాక్‌మన్ కనిపెట్టారు. నడిచేవాడి చెవులు ఆనాడే మూసుకుపోయాయి. తరువాత సెల్‌ఫోను వచ్చి కళ్ళు కూడా మూసింది. చెవిటివాడి ముందు శంఖమూదడం అంటే ఏమిటో ఇప్పటి సైకిలువాణ్ణి అడగండి. చైనాలోని చోంగ్‌చింగ్‌లో 2014లో ఫోను చూస్తూ నడిచేవాళ్ళకి వేరే వరస గీశారు. జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో 2016లో, తల దించుకుని నడిచేవాళ్ళ కోసం ట్రాము పట్టాల దగ్గర నేలలోనే దీపాలు పొదిగారు. మనిషి తల ఎత్తడం లేదు గనక సిగ్నలే తల దించుకుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని ఈ తగువు ఎప్పుడూ అయిదు షిల్లింగులతో తీరదు. 2016లో లండన్‌లో వీధి దాటుతున్న ఒక ఇల్లాలిని ముందు బ్రేకు లేని సైకిలు ఢీకొంది. ఆమె చనిపోయింది. ఆ కుర్రవాణ్ణి శిక్షించడానికి సరైన చట్టం లేక, గుర్రపుబండ్ల రోజుల్లో చేసిన 1861 నాటి చట్టాన్ని బయటికి తీశారు. పద్ధెనిమిది నెలల శిక్ష పడింది.

2020లో హంటింగ్డన్ అనే ఊళ్ళో ఇంతకంటే బాధాకరమైన సంఘటన జరిగింది. కాలిబాట మీద 77 ఏళ్ళ ముసలావిడ సైకిలు మీద వస్తోంది. ఎదురుగా ఇంకో ఆవిడ నడిచి వస్తోంది. ఆమెకి పుట్టుకతో వచ్చిన కాళ్ళూ చేతుల జబ్బు, చూపు కూడా సగమే. సైకిలు మీదికి వస్తోందని కేకలేసి చెయ్యి విసిరింది. సైకిలావిడ రోడ్డు మీదికి ఒరిగి కారు కింద పడి చనిపోయింది. నడిచే ఆవిడకి 2023లో మూడేళ్ళ జైలుశిక్ష వేశారు. 2024 మే నెలలో పై కోర్టు ఆ శిక్షని కొట్టేసింది. ఇద్దరిలో దుర్మార్గులెవరూ లేరు. ఒకరు వయసు మీరి, రోడ్డు మీది కార్లకి భయపడి బాట ఎక్కినవారు. ఇంకొకరు చూపు ఆనక, మీదికి వచ్చే సైకిలుకి భయపడినవారు. ఇంతకీ ఆ బాట సైకిళ్ళు కూడా పోదగినదా, కాదా? విచారణలో పోలీసులు ఆ సంగతి కచ్చితంగా చెప్పలేకపోయారు! ప్రాణం పోయింది, మనిషి జైలుకి వెళ్ళింది, బాట ఎవరిదో మాత్రం తేలలేదు.

అందుచేత న్యాయం ఎవరి పక్షాన ఉందని నన్నడిగితే, ఇద్దరి కష్టమూ చెబుతాను. నడిచే మనిషి గంటకి అయిదు కిలోమీటర్లు పోతాడు, ఒక్క అడుగులో ఆగగలడు. సైకిలు గంటకి పద్ధెనిమిది పోతోందనుకోండి, అంటే సెకనుకి అయిదు మీటర్లు. "ఏమిటా చప్పుడు?" అని నడిచేవాడు అనుకునే లోపలే అతని పక్కకి వచ్చేస్తుంది. పైగా సైకిలు ఆగితే పడిపోతుంది. ఆగి మళ్ళీ బయల్దేరితే పోయిన వేగమంతా పిక్కల్లోంచే రావాలి. కారువాడికి అది కాలివేలి పని, సైకిలువాడికి చెమట. అతని విసుగుకి అర్థం ఉంది. నడిచేవాడికి వీపున కళ్ళు లేవు. వెనక చప్పుడైతే తల తిప్పుతాడు, తల తిరిగిన వైపుకే ఒళ్ళూ ఒరుగుతుంది. గంట కొట్టగానే సరిగ్గా చక్రం కిందకే గెంతడంలో దురుద్దేశమేమీ లేదు. అది శరీర ధర్మం.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, ఇరవై గజాల వెడల్పు రోడ్డును కార్లకి వదిలేసి, మిగిలిన రెండు గజాల కోసం మనం ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. ఆ రెండు గజాలలోనూ రేపు ఉదయం సైకిలూ కాలినడకా ఎదురుపడక తప్పదు గనక, మెట్టు కట్టే మునిసిపాలిటీ వచ్చేదాకా ఇద్దరూ తలో కాస్త సర్దుకోవాలి. వేగం ఎవరిదో జాగ్రత్త వారిది. సైకిలాయన పది గజాల ముందే గంట ఒక్కసారి మెత్తగా మోగించి, రెండోసారి మోగించడానికి బదులు పెడలు తొక్కడం ఆపితే చాలు. నడిచే పెద్దమనిషి ఒక చెవి ఖాళీగా ఉంచుకుని, గంట వినపడితే గెంతకుండా ఉన్న వరసలోనే నడిస్తే చాలు. దాటిపోయేటప్పుడు "థాంక్సండీ" అంటే మరీ మంచిది. పక్కన చెయ్యి వదిలించుకుని పరుగెత్తే పిల్ల ఉందేమో ఇద్దరూ ఒకసారి చూసుకోవాలి. 1842లో గ్లాస్గోలో పడ్డ బిడ్డ లేచి నిలబడింది. ప్రతిసారీ అలా జరగదు.